చెదలు తిన్న ఈటెలు

మా చరిత్ర మేష్టరు మంగళవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు బళ్లారిలో చనిపోయారు. వయసు డెబ్బై ఎనిమిది. చనిపోయేనాటికి ఆయన ఒక క్రిమినల్ కేసులో మొదటి ముద్దాయి. ఆయుధాలతో జనాన్ని కూడగట్టి రెచ్చగొట్టారన్నది నేరం. ఆయుధాలంటే పన్నెండు ఈటెలు. కేసు పెట్టి అయిదేళ్లయింది. అభియోగాలు ఇంతవరకు ఆయనకు చదివి వినిపించలేదు.

ఆ ఈటెలు వెదురు కర్రలు. చివర అట్టముక్క, దాని మీద వెండిరంగు కాగితం. నాటకం కోసం చేసినవి.

ఆ నాటకం కథ తొమ్మిదో తరగతిలో ఆయన మాకు చెప్పిందే. అమెరికాలో బానిసత్వం మీద తుపాకీ ఎత్తిన ఒక తెల్లవాడి కథ. అతను తోళ్ల పని చేశాడు, గొర్రెల ఉన్ని వ్యాపారం చేసి దివాలా తీశాడు. మేష్టరు అతన్ని గొర్రెలాయన అనేవారు, పక్క ఊరు కప్పగల్లులో మందలు కాసే ఎవరి గురించో చెబుతున్నట్టు. బానిసత్వమంటే ఒక మనిషి ఇంకో మనిషి మీద రోజూ చేసే యుద్ధమని, ఆ యుద్ధం ఎప్పుడో మొదలైందని, తాను దానికి ఎదురు తిరిగానంతేనని గొర్రెలాయన నమ్మకం. కొద్దిమందిని వెంటబెట్టుకుని ప్రభుత్వ ఆయుధాగారం మీద పడ్డాడు. బానిసల చేతికివ్వడానికి ఈటెలు చేయించి పెట్టుకున్నాడు. పట్టుబడ్డాడు. ఉరితీశారు. రెండేళ్లు తిరగకముందే ఆ దేశం రెండుగా చీలి యుద్ధానికి దిగింది.

మేష్టరు ఏదీ దాచలేదు. అంతకుముందు గొర్రెలాయన మనుషులు బానిసత్వం పక్షాన ఉన్న అయిదుగురిని ఇళ్లలోంచి లాక్కొచ్చి కత్తులతో నరికారని కూడా చెప్పారు. అది న్యాయమేనా అని ఎవరో అడిగారు. "నాకైతే మింగుడు పడలేదప్పా. మీకు పడిందని రాస్తే మార్కులు కోస్తా" అన్నారు.

రిటైరయ్యాక ఆ కథను నాటకం చేశారు. ఆడించింది కాలువ కింది వరి పొలాల్లో జీతానికుండే మనుషులతో. వాళ్లలో ఒకతనికి అప్పటికి నలభై ఏళ్లు. తండ్రి ఏ ఇంటి కొట్టంలో జీతమున్నాడో అతనూ అదే కొట్టంలో ఉన్నాడు. పేరుకే జీతం, కూలి లేదు. తిండి, ఏడాదికి రెండు జతల బట్టలు. ఇంకో చోటికి పనికి పోయే వీల్లేదు. వెట్టి ఈ దేశంలో ఎప్పుడో రద్దయింది. ఆ చట్టం పుస్తకంలో ఉంది.

అతని వేషం బానిసది. ఒక రంగంలో ఆ బానిస వెళ్లి యజమాని కుర్చీలో కూర్చోవాలి. అతనికి చేతకాలేదు. మేష్టరు కుర్చీ ముందుకు లాగి "కూచోప్పా, కుర్చీనే అది, కరవదు" అన్నారు.

"నిలబడే వేషం ఏదన్నా ఉంటే ఇయ్యి సార్. సచ్చిపోయే వేషమైనా సరే."

కూర్చోవడానికి నాలుగు రోజులు పట్టింది. నాటకం ఆడిన మర్నాడు అతను కొట్టానికి పోలేదు. మూడో రోజు భూస్వామి ఫిర్యాదు చేశాడు. పోలీసులు వచ్చి ఈటెలు తీసుకుపోయారు. పంచనామాలో 'ఇనుప మొనలు గల ఈటెలు' అని రాశారు. మేష్టరు మొదటి ముద్దాయి, జీతగాడు రెండో ముద్దాయి.

రిటైర్డ్ టీచర్ దగ్గర మారణాయుధాలని మా పత్రికలో వార్త వచ్చింది. స్టేషన్ కాగితం చూసి రాసింది నేనే. మేష్టరు ఆఫీసుకు వచ్చి ఒకటే అడిగారు: "రాసేకి ముందర ఒక్కటన్నా ముట్టి చూసింటివా?" టీ ఇస్తే తాగి వెళ్లారు. సవరణ వేయడానికి మాకు పదకొండు రోజులు పట్టింది. అప్పటి నుంచి ముట్టి చూడనిది నేను రాయలేదు. అది ఆయన నాకు రెండోసారి చెప్పిన పాఠం.

వాయిదా ఉన్న ప్రతిసారీ ఆయన రెండు టిఫిన్ డబ్బాలు తెచ్చేవారు. ఒకటి జీతగాడికి. ఇద్దరూ కోర్టు వరండాలో పక్కపక్కన కూర్చుని తినేవారు. పిలుపు వచ్చాక మేష్టరు అడిగేది ఒకటే, ఈటెల మూట విప్పి చూడమని. మూడో ఏట, పట్టుబడ్డ వస్తువులు దాచే గోదాం నుంచి జవాబు వచ్చింది. ఆయుధాలను చెదలు తినేశాయి. ఇనుప మొనలన్న కాగితం, చెదలు తిన్నాయన్న కాగితం ఒకే ఫైల్లో ఉన్నాయి. కేసు నడుస్తూనే ఉంది.

"ఇనుం తినే చెదలంట. సండూరు ఇనుం గనులోళ్లకు తెలిస్తే లారీలన్నీ అమ్మేస్తారు" అని మేష్టరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఈలోగా జీతగాడు వెట్టి నుంచి విడుదల పత్రం కోసం అర్జీ పెట్టుకున్నాడు. ముందు క్రిమినల్ కేసు తేలనీ అని అధికారి పక్కన పెట్టాడు. ఆ పత్రం చేతికొచ్చేదాకా ప్రభుత్వానికి అతను వెట్టి వదిలిన మనిషి కాదు, పని ఎగ్గొట్టి పారిపోయిన మనిషి.

గత ఏడాది వకీలు ఒక ఉపాయం చెప్పాడు. వయసు మీద పడి మతి తప్పిందని డాక్టరు దగ్గర రాయించుకొస్తే మేష్టరు పేరు కేసులోంచి తీసేయించవచ్చన్నాడు. గొర్రెలాయనకూ విచారణలో ఇదే దారి చూపారు. అతను వద్దన్నాడు. మేష్టరు ఆ పోలిక ఎత్తలేదు.

"నాకు పిచ్చని రాపిస్తే, వీడు పిచ్చోని మాట ఇని బయటికొచ్చినట్లయితాది. మల్లా ఆ కొట్టంలోకే తోల్తారు" అన్నారు జీతగాడిని చూపిస్తూ. తర్వాత నా వైపు తిరిగారు. "ఆడ చట్టం దొరలది. గొర్రెలాయన తుపాకి పట్టె. ఈడ చట్టం మనదే ఉండాది. ఒక్క సంతకం కావాల, అంతే. ఏది చూస్తే నీకు ఎక్కువ కోపం రావాల?"

అయిదేళ్లలో విడుదల పత్రం మీద ఆ సంతకం పడలేదు. నా జవాబు అదే.

బుధవారం దహనం అయ్యాక వకీలు జీతగాడిని పక్కకు పిలిచాడు. మొదటి ముద్దాయి పోయాడు కాబట్టి ఇక తప్పు ఒప్పుకుని జరిమానా కట్టి ఇంటికి పొమ్మన్నాడు. ఒప్పుకుంటే విడుదల పత్రం మాట ఇక ఉండదని మాత్రం చెప్పలేదు. అది నేను చెప్పాను.

"తెలుసు సార్. ఒప్పుకోను. ఎన్ని వాయిదాలైనా కానీ, నేను వస్తాంటా" అన్నాడు జీతగాడు.

సోమవారం ఉదయం పదకొండు గంటలకు కేసు ఉంది. ఆ రోజు అభియోగాలు చదువుతారు, నేరం ఒప్పుకుంటావా అని అడుగుతారు. మరణ ధ్రువపత్రం దాఖలయ్యేదాకా జాబితాలోంచి పేరు పోదు. కాబట్టి బంట్రోతు గుమ్మంలో నిలబడి ముందు మేష్టరు పేరు పిలుస్తాడు, మూడుసార్లు. ఆ తర్వాత రెండో పేరు.