ఉమ్ ఖాలిద్ స్పీకరు

2022 నవంబరులో, బహ్రెయిన్‌లోని గలాలీలో ఒక ఇంటి హోమ్ థియేటర్ మార్చే పని నాకు అప్పగించారు. అప్పటికి నేను జింజ్‌లోని ఒక ఆడియో-వీడియో దుకాణంలో సీనియర్ టెక్నీషియన్‌ని. మా శాఖలో హోదాలు నాలుగు. హెల్పరు తీగలు లాగుతాడు, టెక్నీషియను వాటిని కలుపుతాడు, సీనియర్ కొలతలు చూసి సరిచేసి కస్టమరుకు అప్పగిస్తాడు, ఆ పైన సర్వీస్ మేనేజరు ఉంటాడు. నేను హెల్పరుగా చేరి మూడో హోదా దాకా వచ్చాను. నాలుగోదానికి డిగ్రీ కావాలి; నా చదువు ఇంటర్‌తో ఆగింది. ఓమ్ అంటే ఏమిటో, డెసిబెల్ అంటే ఏమిటో మధ్యాహ్నం దుకాణం మూసే గంటల్లో, పెట్టెల్లో వచ్చే మాన్యువళ్ళు ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. అందుకే లెక్క ఒకటికి రెండుసార్లు చూసుకోవడం అలవాటైంది.

రిసీవరు అంటే ఏమిటని మా ఊళ్ళో ఇప్పటికీ అడుగుతారు. టీవీ, సెట్‌టాప్ బాక్సు, డిస్క్ ప్లేయరు, ఇలా ఇంట్లో ఉన్న అన్నింటి శబ్దాన్నీ తన దగ్గరికి తెచ్చుకుని, ఏ స్పీకరుకు ఏది వెళ్ళాలో విడదీసి, బలం చేర్చి పంపే పెట్టె అది. గలాలీ ఇంట్లో ఉన్నది పాత తరం పెట్టె. కొత్త టీవీ పంపే శబ్దం దానికి సగమే అర్థమయ్యేది. దాన్ని తీసి ఏడు స్పీకర్లు నడిపే కొత్త రిసీవరు పెట్టాలన్నది మాకిచ్చిన పని.

ఇంటాయన ఓడరేవులో పనిచేసి రిటైరైన బహ్రెయినీ. అక్కడ పెద్దవాళ్ళను పెద్దకొడుకు పేరుతో పిలుస్తారు. కొడుకు ఖాలిద్ కాబట్టి ఆయన బూ ఖాలిద్, భార్య ఉమ్ ఖాలిద్. ఆమె ఆడపిల్లల బడిలో అరబ్బీ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పని మొదలుపెట్టే ముందు ఇల్లు చూసి రావడాన్ని మేము సర్వే అంటాం. సర్వేకు వెళ్ళిన రోజున బూ ఖాలిద్, ఓడరేవులో నేర్చుకున్న హిందీలో, తనకేం కావాలో చెప్పాడు. సాయంత్రాలు ఇద్దరూ కూర్చుని నాటకాలు చూడటం వాళ్ళకు పెళ్ళైనప్పటి నుంచీ అలవాటట. కొంతకాలంగా ఆమెకు మాటలు అర్థం కాక, సగంలో లేచి లోపలికి వెళ్ళిపోతోందట.

"నాకు పెద్ద శబ్దం వద్దు సదీక్. కథ అయ్యేదాకా ఆమె నా పక్కన కూర్చోవాలి" అన్నాడు. సదీక్ అంటే మిత్రుడని పిలుపు.

ఆమెకు ఎందుకు అర్థం కావడం లేదని నేను అడగలేదు. ఇంటి ఆడవాళ్ళ గురించి బయటి మగవాడు ప్రశ్నలు వేయకపోవడం అక్కడ మర్యాద. పైగా కారణం నా కళ్ళ ముందే కనబడింది. హోమ్ థియేటర్‌లో మాటలు ఎక్కువగా మధ్య స్పీకరు నుంచి వస్తాయి. వాళ్ళింట్లో ఆ స్పీకరు టీవీ కింద బీరువాలో, చెక్క తలుపు వెనక ఉంది. దాన్ని బయటికి తెచ్చి ముఖం చెవుల ఎత్తుకు తిప్పితే పనైపోతుందనుకున్నాను.

ఇంకొకటి కూడా గమనించాను. హాల్లో వెనకవైపు ఎత్తైన వీపున్న పొడవాటి సోఫా ఉంది. అది కాక, కుడి గోడ పక్కన, వంటగది తలుపు దగ్గర, పొట్టి వీపు కుర్చీ ఒకటి ఉంది. అక్కడి నుంచి కుడి స్పీకరు ఒకటిన్నర మీటర్ల దూరం, ఎడమ స్పీకరు నాలుగు మీటర్లు. శబ్దం మీటరు దూరం నడవడానికి సుమారు మూడు మిల్లీసెకన్లు పడుతుంది. అంత తేడాలో కూర్చున్నవాళ్ళకు ఏదీ సమంగా వినబడదు. ఆ కుర్చీ ఉమ్ ఖాలిద్‌దని తెలిసి, దాన్ని తీసేయమనీ, ఆమె సోఫాలో కూర్చుంటే మంచిదనీ చెప్పాను. బూ ఖాలిద్ తలూపాడు. కుర్చీ వరండాలోకి పోయింది.

నాతో పనిచేసిన టెక్నీషియన్ గంగారాం మా జగిత్యాల వైపువాడే. మొదట మామీర్ దగ్గర క్యాంపులో ఉండి కట్టడం పని చేసి, కరెంటు పని నేర్చుకుని మా దుకాణానికి వచ్చాడు. ఇద్దరం కలిసి పాత తీగలకు గుర్తులు కట్టి, ఒక్కొక్క స్పీకరునూ మీటరుతో పరీక్షించి, కొత్త రిసీవరుకు కలిపి, మధ్య స్పీకరును బీరువా బయట పెట్టాం. తర్వాత అసలు పని, గదిని కొలవడం. కొత్త రిసీవర్లతో ఒక చిన్న మైకు వస్తుంది. దాన్ని మనిషి కూర్చునే చోట చెవి ఎత్తున నిలబెడితే, రిసీవరు ప్రతి స్పీకరు నుంచీ ఒక కూత వేయించి, ఎంత దూరం, ఎంత గట్టి అన్నది తానే లెక్క వేసుకుంటుంది. ఆ సమయంలో గది నిశ్శబ్దంగా ఉండాలి. ఏసీ ఆపించాం, ఫ్యాను ఆపించాం. గలాలీ మీదుగా పోయే విమానాలను మాత్రం ఆపలేం కదా. ఒకటి పోయిందంటే కొలత మళ్ళీ మొదటికి వచ్చేది. "ఇగ సప్పుడు చెయ్యకు బిడ్డా, ఒక్క నిమిషం" అని గంగారాం కప్పువైపు చూసి విమానాన్ని బతిమాలేవాడు.

మైకును సోఫాలో పెట్టి కొలిచాం. పని అయ్యాక బూ ఖాలిద్, నేను కూర్చుని విన్నాం. మాటలు టీవీలోని మనిషి నోట్లోంచే వస్తున్నట్టున్నాయి. ఉమ్ ఖాలిద్ రాలేదు. బయటి మగవాళ్ళు పని చేస్తుంటే ఆడవాళ్ళు ఆ హాల్లోకి రారు. మా టీ మాత్రం తలుపు దాకా వచ్చింది. బూ ఖాలిద్ సంతకం పెట్టాడు, మేము వచ్చేశాం.

కొద్దిరోజులకే ఫోను వచ్చింది. మా సర్వీస్ మేనేజరు కేరళ ఆయన. ఆయన అరబ్బీ కూడా నా అరబ్బీలాగే దుకాణంలో చెవిన పడ్డదే. "ఉమ్ ఖాలిద్ సమ్మాఅ ఈల వేస్తోందట, మాటలు కూడా వినబడటం లేదట, కొత్త రిసీవరు పెట్టినప్పటి నుంచే అట" అని చెప్పాడు. సమ్మాఅ అంటే మాకు స్పీకరు. పొద్దున షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా దుకాణంలో ఆ మాటకు మరో అర్థం లేదు. ఉమ్ ఖాలిద్ స్పీకరు అంటే ఆమె కూర్చునే చోటుకు దగ్గరగా ఉన్న స్పీకరు అయి ఉండాలి. సోఫాలో ఆమె ఎడమ పక్కన కూర్చుంటుందని బూ ఖాలిద్ చెప్పాడు కాబట్టి అది ఎడమ వెనక స్పీకరని లెక్క తేల్చాం.

వెళ్ళి పరీక్షించాం. అతి లావు శబ్దం నుంచి అతి సన్న శబ్దం దాకా నెమ్మదిగా పెరిగే కూత ఒకటి ఉంటుంది. దాన్ని నడిపించి, గంగారాం నిచ్చెనెక్కి స్పీకరుకు చెవి ఆనించాడు. ఈల రాలేదు. తీగ మార్చాం, రాలేదు. అయినా అనుమానం ఎందుకని స్పీకరే మార్చి వచ్చాం. మళ్ళీ అదే ఫిర్యాదు వచ్చింది.

"అన్నా, గా స్పీకరు మనల్ని జూస్తె మంచిగ మాట్లాడుతది, మనం పోంగనే ఈలలేస్తది. గిదేందో సమజైతలేదు" అన్నాడు గంగారాం.

మూడోసారి ఫోను చేసినప్పుడు బూ ఖాలిద్ గొంతు మారిందని మేనేజరు చెప్పాడు. ఆమె ఇక హాల్లో కూర్చోనందట. కొత్త పెట్టె తీసుకుపోయి పాతది బిగించమన్నాడు, ఖలాస్. ఆయన కోపంతో అని ఉంటే నాకు అంత పట్టేది కాదు. ఆమె కోసమే కొన్న పెట్టె ఆమెనే గది నుంచి పంపేసిందని అన్నాడట.

పాత రిసీవరును బండిలో వేసుకుని మేమిద్దరం మళ్ళీ సముద్రం మీది వంతెన దాటి గలాలీ వెళ్ళాం. విప్పే ముందు బూ ఖాలిద్‌ను ఒక్కటే అడిగాను, ఆ ఈల నాకు ఒకసారి వినిపించగలరా అని.

"నువ్వు ఉన్నప్పుడు రాదు" అన్నాడాయన.

"ఎవరు ఉన్నప్పుడు వస్తుంది?"

"ఉమ్ ఖాలిద్ కూర్చున్నప్పుడు."

అంతవరకూ మేము చేసిన పరీక్షలన్నీ ఆ మనిషి లేని గదిలో చేసినవే. మేము వరండాలో నిలబడతామనీ, ఆవిడ వచ్చి కూర్చుంటే తలుపు దగ్గర నుంచి వింటామనీ చెప్పాను. ఆయన ఆమెను అడగడానికి లోపలికి వెళ్ళాడు. ఆమె వచ్చారు. నల్లటి అబాయా, చెవులను కప్పి బిగించిన తలగుడ్డ. మాకు సలాం చెప్పి, సోఫాలో ఎడమ పక్కన కూర్చుని, వెనక్కి ఆనుకున్నారు. వెంటనే సన్నటి ఈల. గంగారాం, నేను ఇద్దరం ఒకేసారి గోడ మీది స్పీకరు వైపు చూశాం. ఆమె ముందుకు వంగారు, ఈల ఆగింది. మళ్ళీ ఆనుకున్నారు, వచ్చింది. మేము ఇంకా గోడ వైపే చూస్తున్నాం.

ఆమె మమ్మల్ని చూశారు, మేము చూస్తున్న చోటు చూశారు. పక్కకు తిరిగి, తలగుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చి, చిక్కుడు గింజంత వస్తువు ఒకటి తీసి అరచేతిలో పెట్టి చూపించారు. అది వినికిడి యంత్రం. తర్వాత, బడిలో పిల్లలకు చెప్పినట్టు, ఒక్కో మాటా విడదీసి అరబ్బీలో అన్నారు: "నీ సమ్మాఅ గోడకు ఉంటుంది. నా సమ్మాఅ చెవికి ఉంటుంది. రెండింటికీ పేరు ఒకటే."

నేను క్షమించమన్నాను. ఎవరు నేర్పారు నీకు అరబ్బీ అని అడిగారు. దుకాణం అన్నాను.

"సగమే నేర్పింది" అని ఆమె నవ్వారు. బూ ఖాలిద్ కూడా నవ్వాడు. కొత్త రిసీవరులోని బ్లూటూత్ ఆమె యంత్రాన్ని చెడగొడుతోందని ఆయన అనుకున్నాడట. అందుకే దవాఖానాకు కాకుండా మాకు ఫోను చేశాడు.

తప్పు బ్లూటూత్‌ది కాదు. చెవి యంత్రానికి కూడా ఒక మైకు, ఒక చిన్న స్పీకరు ఉంటాయి. దాని మీద ఏదైనా మెత్తగా అదిమితే లోపలి శబ్దం బయటికి కారి, మళ్ళీ మైకులోకే పోయి ఈల అవుతుంది. పెళ్ళి పందిట్లో మైకును స్పీకరు ముందుకు తెస్తే వచ్చే కూత లాంటిదే. ఎత్తైన సోఫా వీపు, తలగుడ్డ కలిసి యంత్రాన్ని అదుముతున్నాయి. పైగా మైకు మూసుకుపోయి మాటలు కూడా వినబడటం లేదు. పొట్టి కుర్చీలో తలకు ఏదీ తగలదు. ఆమె ఆ కుర్చీని ఎంచుకున్నది అందుకే.

"వరండాలో ఎండుతున్న నా కుర్చీ తెచ్చి పెట్టు" అన్నారామె. గంగారాం నేను చెప్పకముందే వెళ్ళి ఎత్తుకొచ్చాడు.

పాత రిసీవరు బండి దిగలేదు. మైకును ఆ కుర్చీలో, ఆమె చెవి ఎత్తున పెట్టి, గదిని మళ్ళీ కొలిచాం. కుడి, ఎడమ స్పీకర్ల దూరాల తేడా రెండున్నర మీటర్లు, అంటే ఏడు మిల్లీసెకన్లకు కొంచెం పైన. కుడి స్పీకరు శబ్దాన్ని రిసీవరు ఆ మేరకు ఆపి, తగ్గించి పంపుతుంది. రెండూ కలిసే చేరతాయి. పాత పెట్టెలో ఇంత సూక్ష్మంగా కుదిరేది కాదు. మధ్య స్పీకరును మూడు డెసిబెల్స్ పెంచాను. గట్టి శబ్దానికీ మెల్లటి శబ్దానికీ మధ్య తేడా తగ్గించే అమరిక ఒకటి ఉంటుంది, దాన్ని వేశాను. ఈ రిసీవరులో రెండు కొలతలు దాచుకోవచ్చు. సోఫా కొలతను ఒకటో నంబరుకు, కుర్చీ కొలతను రెండో నంబరుకు పెట్టి రిమోటు బూ ఖాలిద్‌కు ఇచ్చాను.

ఈసారి ఆమె లోపలికి వెళ్ళలేదు. కుర్చీలో కూర్చున్నారు. మేము తలుపు దగ్గరే నిలబడ్డాం. ఏదో హాస్య నాటకం నడుస్తోంది. ఒక మాటకు ఆమె బూ ఖాలిద్ కంటే ముందు నవ్వారు. ఆయన ఆమె వైపు చూసి, మేము ఆపించిన ఏసీ మళ్ళీ వేశాడు. ఆ నాటకం అయ్యేదాకా మమ్మల్ని కదలనివ్వలేదు. టీ ఈసారి హాల్లోకే వచ్చింది.

తిరిగి వస్తుంటే గంగారాం చాలాసేపు తనలో తాను నవ్వుకున్నాడు. "మన దగ్గర గింతే గదన్నా. మిషన్ ఖరాబైందంటే కుట్టు మిషనా, చెవుల మిషనా అని అడిగినంకనే లేస్తం. గీడికొచ్చి అడుగుడు మర్షినం" అన్నాడు.

తర్వాత ఒకసారి రిసీవరు సాఫ్ట్‌వేరు కొత్తది వేయడానికి వెళ్ళినప్పుడు చూశాను. రెండో నంబరే వేసి ఉంది. ఒకటో నంబరును తాకడమే లేదన్నాడు బూ ఖాలిద్. సోఫా నుంచి తనకు కుడి వైపు కాస్త తక్కువగా వినబడుతుందట, అయినా ఫరవాలేదట.

నేను పోయినేడాది ఉద్యోగం మానేసి జగిత్యాల వచ్చేశాను. నా చేతిలోని పని ఆ దేశం ఇచ్చింది. ఆ పనిలో నాకు తెలియని సగాన్ని ఆమె చూపించారు. దుకాణం మీద ఫిర్యాదు పెట్టి పెట్టె వెనక్కి పంపడం ఆమెకు తేలిక. అలా చేయకుండా, తన అలవాటు పక్కన పెట్టి, పరాయి మగవాళ్ళ ముందుకు వచ్చి కూర్చున్నారు. అందుకు నేనెప్పుడూ ఆమెకు రుణపడి ఉంటాను.

ఆ తర్వాత నా పద్ధతిలో రెండు మార్పులు చేశాను, మేనేజరు వాటిని శాఖ అంతటికీ వర్తింపజేశాడు. ఒకటి, ఆఖరి పరీక్ష ఇంటివాళ్ళు తమ తమ చోట్లలో కూర్చున్నాకే. లోపలి గదిలోంచి రాలేని వాళ్ళుంటే మేము బయటికి వెళ్ళి నిలబడాలి. రెండు, సర్వేలో టేపు తీయకముందే, ఏ కుర్చీ ఎవరిదో, అది అక్కడే ఎందుకు ఉందో అడగాలి. దూరాల తేడాను రిసీవరు సరిచేస్తుంది. మనిషి కుర్చీ ఎందుకు అక్కడ వేసుకున్నాడో దానికి తెలియదు. అది సర్వే చేసేవాడే తెలుసుకోవాలి.