వదిన నిమ్మచెట్టు

ఆమె జాకెట్లు కుడుతుంది. వీధిలో అందరికీ కంగారక్క. పొయ్యి ఆర్పానో లేదోనని సగం దారిలోంచి వెనక్కి పరుగెత్తే మనిషిని ఇంకేమని పిలుస్తారు? అలాంటి మనిషి చేతిలో ఇంటి తాళం పెట్టి, ఆమె వదిన ఆపరేషన్ కోసం అన్నగారితో పెద్దాసుపత్రికి ప్రయాణమైంది.

"ఇల్లేమైనా ఫర్వాలేదమ్మాయ్. డాబా మీద నా నిమ్మచెట్టు మాత్రం జాగ్రత్త," అంది వెళ్తూ వెళ్తూ.

సగానికి కోసిన నల్ల ప్లాస్టిక్ డ్రమ్ములో వదిన ఏళ్ల తరబడి పెంచిన చెట్టు అది. ఈ ఏడే తొలిసారి కాసింది. అది కాస్తా పోతే, ఆసుపత్రి మంచం మీంచి లేచొచ్చిన వదినకు ఏ మొహం పెట్టుకుని కనిపించాలి? కంగారక్కకు ఆ బెంగతో అన్నం సయించలేదు.

ఆ ఏడు ఎండలు నిప్పులు చెరిగాయి. మిట్టమధ్యాహ్నం ఆకులు వేలాడటం చూసి ఆమె ప్రాణం ఉసూరుమనేది. మిషను వదిలేసి వెళ్లి, డాబా మీద పడున్న పైపుతో డ్రమ్ము నిండా నీళ్లు పట్టేది. సాయంత్రానికి ఆకులు లేచేవి. చల్లబడితే వాటంతటవే లేస్తాయని తెలియక, అదంతా తన నీళ్ల మహిమేననుకుని మర్నాడు మళ్లీ పట్టేది. కొన్నాళ్లకు ఆకులు పండి రాలాయి, ఆ వెనకే కాయలూ రాలాయి. నీళ్లు చాలలేదేమోనని ఇంకాస్త పోసింది మహాతల్లి!

వదిన రోజూ ఫోను చేసేది. "చెట్టెలా ఉందే?"

"నిక్షేపంలా ఉంది వదినా!"

అలా అబద్ధమాడిన రోజు జాకెట్టు చేతులు తిరగేసి కుట్టేది. విప్పి, మళ్లీ తిరగేసే కుట్టేది.

ఒకరోజు పైపు చేతిలోంచి జారి, మొదటి ధార ఆమె పాదం మీద పడింది. కెవ్వుమంది. పొద్దుటినుంచీ ఎండలో పడున్న పైపులో నీళ్లు కాగిపోయి ఉన్నాయి. ఇన్నాళ్లూ చెట్టుకు పోసినవి ఈ నీళ్లే. కాలి మంట మరిచిపోయి అక్కడే కూలబడింది.

"దాహం తీరుస్తున్నాననుకుంటూ వేళ్లు ఉడకబెట్టాను కదరా దేవుడా!"

డ్రమ్మును ట్యాంకు నీడకు లాగింది, చుట్టూ గోనెసంచులు కట్టింది, తెల్లవారుతూనే బిందెతో నీళ్లు మోసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది; పట్టుకోవడానికి ఆకులైనా మిగల్లేదు. చెట్టు ఎండు కట్టె అయిపోయింది. చివరికి వదిన వచ్చే ముందురోజు నర్సరీకి పరుగెత్తి, కాయలున్న నిమ్మమొక్క ఒకటి తెచ్చి అదే డ్రమ్ములో నాటింది.

వదిన గోడ పట్టుకుని మెల్లగా మెట్లెక్కి వచ్చింది. సగమైపోయింది మనిషి. మొక్క వంక ఓ క్షణం చూసింది.

"ఇది నాది కాదు."

కంగారక్క జరిగిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. "తిట్టు వదినా. కొట్టినా పడతాను. రోజూ నీకు అబద్ధం చెప్పాను."

వదిన పిట్టగోడకు ఆనుకుంది.

"ఏమని తిట్టనే? ఆపరేషన్ అయిపోయింది, బాగున్నానని నేనూ నీకు చెబుతూనే ఉన్నాను కదా. కోశారు, చూశారు, ఏమీ చెయ్యలేక మళ్లీ కుట్టేశారు. మీ అన్నయ్యకు తప్ప ఎవరికీ తెలీదు."

కంగారక్క వదిన మోచెయ్యి పట్టుకుంది.

"మళ్లీ రమ్మన్నారు. ఈసారి ఎన్నాళ్లుంచుతారో," అంటూ వదిన వంగి, కొత్త మొక్క మొదట్లో మన్ను వేళ్లతో సర్దింది. "దీనికి నీళ్లు పొద్దున్నే పొయ్యి."