క్వార్టర్‌బ్యాక్ కోసం ప్రార్థన

మొన్న ఓక్‌విల్‌లో పళ్ళ డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చున్నాను. గోడమీది టీవీలో సూటు వేసుకున్న ఒకాయన, కాస్త ఒళ్ళు చేసి, నుదుటిమీద జుట్టు వెనక్కి జరిగి, తన పాత జట్టు యజమానిని కావలించుకుని నవ్వుతున్నాడు. ఎక్కడో చూసిన మొహమే అనుకుంటూ కళ్ళజోడు సవరించుకున్నాను. ఇంకెవరు, మా బావ ప్రాణం పెట్టిన క్వార్టర్‌బ్యాక్! ఒకప్పుడు వీళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కారు. వాళ్ళ తగువు గురించి గ్వెల్ఫ్‌లో మా అక్క వాళ్ళింట్లో ఆదివారం పూట మేం గొంతులు చించుకున్నాం. తీరా చూస్తే ఆ సంగతి వాళ్ళకే గుర్తున్నట్టు లేదు. నాలో నేను నవ్వుకోవడం చూసి పక్కన కూర్చున్నావిడ కొంచెం ఎడంగా జరిగింది.

మా బావ, అంటే మా అక్క మొగుడు, గుంటూరు వైపు మనిషి. గ్వెల్ఫ్‌లో ఇండియన్ గ్రోసరీ షాపు, దాని వెనకాల టిఫిన్ కౌంటరు నడిపేవాడు. కెనడాకి రాకముందు అమెరికాలో కొన్నాళ్ళు ఉన్నాడు, ఈ ఫుట్‌బాల్ పిచ్చి అక్కడ అంటించుకొచ్చిందే. ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన, కాలితో తన్నే ఆట కాదు. కోలగా ఉన్న బంతిని చంకలో ఇరికించుకుని ఒకడు పరిగెడతాడు, మిగతావాళ్ళు వాడి మీద పడి తొక్కేస్తారు. ఆ బంతిని ముందుగా అందుకుని, ఎవరికి విసరాలో కన్నుమూసి తెరిచేలోగా తేల్చేవాడు క్వార్టర్‌బ్యాక్. జట్టు బతుకంతా వాడి చేతిలోనే ఉంటుందని బావ నాకు పప్పు, ఉప్పు డబ్బాలు బల్లమీద పేర్చి మరీ బోధించాడు. నాకు అర్థమైంది ఉప్పు డబ్బా ముఖ్యమని ఒక్కటే.

మన పిల్లలు కాలేజీల కోసం కెనడాకి వెల్లువలా వచ్చిపడుతున్న రోజులవి. గ్వెల్ఫ్‌లో ఏ బస్‌స్టాప్ దగ్గర చూసినా వీపున బ్యాగులతో తెలుగు మాటలే, ఏ ఇంటి బేస్‌మెంట్‌లో చూసినా పరుపులే. ఆదివారం సాయంత్రాలు అక్క వాళ్ళింట్లో తెలుగు క్రైస్తవుల కూడిక జరిగేది. నేను మిస్సిసాగా నుంచి హైవే మీద తిట్టుకుంటూ డ్రైవ్ చేసుకుని వెళ్ళేదాన్ని. పాతకాపులం ఓ నాలుగు కుటుంబాలం ఉంటే, స్టూడెంట్లు ఇల్లు నింపేసేవారు. వాళ్ళలో చాలామందికి చర్చితో సంబంధం లేదు, అక్క చేసే చికెన్ పలావుతో ఉంది. "ఆకలేసి వచ్చినా వచ్చినట్టే" అనేది అక్క, పెద్ద గిన్నె పొయ్యి మీదకి ఎక్కిస్తూ.

ఆ కూడికకు ఒక పద్ధతి ఉండేది. భోజనానికి ముందు అందరం గుండ్రంగా కూర్చుని, ఎవరి ప్రార్థన అంశం వాళ్ళు చెప్పుకోవాలి. ఒకరికి మోకాళ్ళ నొప్పి, ఇంకొకరికి వర్క్ పర్మిట్, మరొకరికి ఇండియాలో తమ్ముడి పెళ్ళి. ఎవరు ఏం చెప్పినా మధ్యలో అడ్డం పడకూడదు, ఎదురుప్రశ్న వేయకూడదు. అంతా అయ్యాక ఆ ఇంటి పెద్ద, అంటే మా బావ, చెప్పిన అంశాల్లో ఒక్కటి కూడా వదలకుండా అందరి తరఫునా ప్రార్థన చేయాలి. బావకు ఇందులో మంచి పేరుండేది. గొంతు విప్పాడంటే పలావు చల్లారిపోయేదాకా ఆపేవాడు కాదు.

ఆ స్టూడెంట్లలో ఖమ్మం నుంచి వచ్చిన అమ్మాయి ఒకతి ఉండేది. ఫుడ్ సైన్స్ చదివింది. చదువుకుంటూ బావ షాపులో పార్ట్‌టైమ్ చేరి, చదువయ్యాక అక్కడే సూపర్‌వైజర్ అయింది. సరుకు తెప్పించడం, టిఫిన్ కౌంటరు చూడటం, కుర్రాళ్ళకు షిఫ్టులు వేయడం అన్నీ ఆ పిల్లే. బావ సొంత కొడుకులిద్దరూ షాపు మాటెత్తితే ఇంగ్లీషులో "నో వే డాడ్" అని మెట్లెక్కి పైకి వెళ్ళిపోయేవారు. అందుకని బావ షాపు తాళాలతో బాటు తన ధైర్యం కూడా ఆ అమ్మాయికే అప్పజెప్పాడు. మొదటి చలికాలంలో ఆమెకు బూట్లు కొనిపెట్టింది కూడా ఆయనే. ఆమె ఇంట్లో దేవుడి గది వేరు, దేవుళ్ళు వేరు. అయినా కూడికకు చర్చివాళ్ళకంటే శ్రద్ధగా వచ్చేది. తన వంతు వచ్చినప్పుడు మాత్రం చిన్నగా తల అడ్డంగా ఊపి పక్కవాళ్ళకు వదిలేసేది.

ఆ ఏడాది బావ అభిమాన జట్టుకూ, దాని క్వార్టర్‌బ్యాక్‌కూ చెడింది. నా మాట వినేవాళ్ళు లేరిక్కడ, నన్ను వేరే జట్టుకు పంపించండి అని అతను ప్రాక్టీసుకు రావడం మానేశాడు. కాంట్రాక్టు ఉంది, కదిలితే ఊరుకోమని యజమాని. ఆ ఆదివారం టీవీలో ఇదే రభస, టీవీ ముందు అంతకంటే పెద్ద రభస. ఓక్‌విల్‌లో కార్ల ప్లాంట్‌లో పనిచేసే ఒకాయన వచ్చేవాడు, గోదావరి జిల్లా మనిషి, నేను అన్నయ్య అని పిలిచేదాన్ని. ఆయనది యజమాని పక్షం.

"అదేంటండీ బావగారూ, అలాగంటారు? మా ప్లాంట్‌లో లైన్ నడుస్తుండగా ఒకడు నాకిష్టం లేదని చేతులు కట్టుకు నిలబడితే ఏమవుద్దండీ? కారు తలుపు లేకుండా బయటికెళ్ళిపోద్దండి!"

"కారు తలుపూ మనిషీ ఒకటేనా?" బావ సోఫాలోంచి లేచి నిలబడ్డాడు. "కాంట్రాక్టంటే ఏందయ్యా, కట్టుబానిసా? తెలివిగలవాణ్ణి పట్టి ఉంచకూడదు. పోతానన్నవాణ్ణి దీవించి పంపాలి. ఉంచుకుంటే మాత్రం ఏమొస్తది, ఏడ్చుకుంటా ఆడతాడు."

"అతని తరఫున వకాల్తా పుచ్చుకున్నారే, ఫీజేమిస్తున్నాడు బావా?" అన్నాను నేను. మరదలి నోటికి జడిసే మనిషి కాదు కాబట్టి ఆయన నన్ను పట్టించుకోలేదు.

ఆ అమ్మాయి డైనింగ్ టేబుల్ దగ్గర ఉల్లిపాయలు తరుగుతోంది. తలెత్తకుండానే అడిగింది. "అంకుల్, అతను వెళ్ళిపోతే టీమ్ ఏమైపోతుంది మరి?"

"ఏం కాదమ్మా! నిక్షేపంగా ఇంకొకణ్ణి తెచ్చుకుంటారు. ఒకడు పోతే లోకం ఆగిపోతదా?" అన్నాడు బావ.

ఆమె తలూపి మళ్ళీ ఉల్లిపాయల పనిలో పడింది. ఆ తలూపడంలో ఏముందో అప్పుడు మాలో ఎవరికీ తట్టలేదు.

టీవీ కట్టేసి గుండ్రంగా కూర్చున్నాం. మోకాళ్ళ నొప్పులూ వర్క్ పర్మిట్లూ అయ్యాయి. ఓక్‌విల్ అన్నయ్య వంతు వచ్చేసరికి మొహం గంభీరంగా పెట్టి, "మా బావగారి క్వార్టర్‌బ్యాక్‌కి మనసులో నెమ్మది లేదండి, అతని కోసం కూడా ప్రార్థించాలండి" అన్నాడు. పిల్లలు కిసుక్కున నవ్వారు. బావ మాత్రం పంతానికి, సరేనన్నట్టు తల పంకించాడు. తర్వాత వంతు ఆ అమ్మాయిది. ఆమె ఈసారి తల అడ్డంగా ఊపలేదు.

"నాకు మిస్సిసాగాలో ఫార్మా కంపెనీలో జాబ్ వచ్చింది. ల్యాబ్‌లో. నేను చదివింది అదే. రేపు కాక పై సోమవారం జాయిన్ కాకపోతే వేరేవాళ్ళను తీసుకుంటారంట" అంది. "ఇప్పుడు చేసే దగ్గర రిలీవ్ చేసి, ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇవ్వాలి. అది లేకపోతే ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్‌కి అప్లై చేయలేను, నా వర్క్ పర్మిట్ అయిపోతే వెనక్కి వెళ్ళిపోవాలి. వాళ్ళు చాలా మంచివాళ్ళు. కానీ అడిగినప్పుడల్లా చూద్దాం అంటున్నారు. వాళ్ళ మనసు మారాలని ప్రార్థన చేయండి."

పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు, ఆమె ఎక్కడ పనిచేస్తోందో ఆ గదిలో తెలియనివాళ్ళు లేరు. బావ నోరు తెరిచాడు. కానీ అంశం మీద ఎదురుప్రశ్న వేయకూడదన్న నియమం ఆయన పెట్టిందే. నోరు మూసుకుని, కళ్ళు కూడా మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు.

మోకాళ్ళను స్వస్థపరిచాడు. పర్మిట్లను త్వరపరిచాడు. క్వార్టర్‌బ్యాక్ దగ్గరికి వచ్చేసరికి గొంతు అలవాటుగా పైకి లేచిపోయింది. "ఫరో చేతిలోంచి నీ ప్రజలను విడిపించిన దేవా! కఠిన హృదయుడైన ఆ యజమాని చేతిలోంచి ఈ బిడ్డను కూడా విడిపించు తండ్రీ!" అనేశాడు. అనేశాక ఆగిపోయాడు. మిగిలింది ఆ అమ్మాయి అంశం ఒక్కటే.

ప్రార్థనలో కళ్ళు తెరవకూడదని నాకూ తెలుసు, తెరిచాను. బావ చెవులు ఎర్రబడ్డాయి. ఆ అమ్మాయి స్వెటర్ చేతుల్లోకి వేళ్ళు లాక్కుని కూర్చుంది. నాకు బావ మీద ఒళ్ళు మండింది, అయ్యో పాపం అని కూడా అనిపించింది. ఏది ముందో చెప్పలేను.

"ఇక ఈ అమ్మాయి సంగతి... ప్రభువా... నీకన్నీ తెలుసు. షాపు పరిస్థితి కూడా నీకు తెలుసు." ఎవరో దగ్గారు. "ఈ బిడ్డ దారికి... ఎవరూ అడ్డం రాకుండా... వెళ్ళనివ్వు. అయితే తండ్రీ..."

"ఆమేన్!" అంది మా అక్క, ఇల్లదిరేటట్టు.

"ఆమేన్" అన్నాం అందరం ఒక్క గొంతుతో. ఆమేన్ అయ్యాక ఇక దేవుడితో మాట్లాడటానికి లేదు, పలావు తినడమే. ఆ 'అయితే' తర్వాత ఏముందో ఈనాటికీ మాకు తెలియదు.

భోజనాల దగ్గర బావ ఆమె పక్కకు వచ్చి, "ముందు నాతో చెప్పొచ్చు గదమ్మా" అన్నాడు.

"చెప్పాను అంకుల్. చాలాసార్లు చెప్పాను."

"నీ సంగతి వేరమ్మా. ఉన్నట్టుండి నువ్వు పోతే..."

"ఇంకొకళ్ళను తెచ్చుకోవచ్చు కదండీ బావగారూ?" అన్నాడు ఓక్‌విల్ అన్నయ్య, పెరుగు పచ్చడి వడ్డించుకుంటూ.

"నువ్వూరుకోవయ్యా! అది ఆట!" అని అరిచి, ప్లేటు అక్కడే వదిలేసి బావ పైకి వెళ్ళిపోయాడు. ఆ అరుపులో కోపం కంటే భయమే ఎక్కువ వినిపించింది నాకు.

ఆ వారమే లెటర్ ఇచ్చాడు. తనే కూర్చుని టైప్ చేశాడట, అవసరమైనదానికంటే రెండింతలు పొగిడాడట. ఇవ్వడం మాత్రం అక్క చేత ఇప్పించాడు. ఆమె ఆఖరి రోజున సరుకు తేవాలని పొద్దున్నే వ్యాను వేసుకుపోయి, ఆమె వెళ్ళిపోయాక గానీ రాలేదు. ఆ అమ్మాయి కౌంటరు తుడిచి, తాళాలు అక్క చేతిలో పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ బస్సెక్కింది. కొద్దిరోజులకు క్వార్టర్‌బ్యాక్ కూడా వేరే జట్టుకు పోయాడు. కోరుకున్నదే జరిగినా బావ ఆ సంగతే ఎత్తలేదు. చలికాలం వచ్చేసరికి టిఫిన్ కౌంటరు మూసేశాడు.

కిందటి వేసవిలో ఆ అమ్మాయి మిస్సిసాగాలో టౌన్‌హౌస్ కొనుక్కుని గృహప్రవేశానికి మమ్మల్నందర్నీ పిలిచింది. బావ వస్తాడా అనుకున్నాను, అందరికంటే ముందే వచ్చి సోఫాలో కూర్చున్నాడు. చుట్టూ ఆమె ఆఫీసు వాళ్ళు, కొత్తగా వచ్చిన స్టూడెంట్లు. బావ వాళ్ళకు చెబుతున్నాడు. "ఈ అమ్మాయిని నేనే పంపించానయ్యా. ఉండిపోతా అంకుల్ అంటే, నీ చదువేంది, ఈ ఇడ్లీలేంది, పోమ్మా అని నేనే తోలా."

అక్క తన ప్లేటులోకి చూసుకుంది. ఓక్‌విల్ అన్నయ్య నా వైపు చూశాడు. టీ కప్పుల ట్రేతో వస్తున్న ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగింది.

"అవును, అంకులే పంపించారు" అంది. "ప్రార్థన చేసి మరీ పంపించారు."

ఆ మొహంలో వెటకారం ఉందేమోనని వెతికాను, లేదు. బావ కప్పు అందుకుని, కళ్ళు చెమర్చి, కిటికీ వైపు తిరిగాడు. ఆయన చెప్పింది అబద్ధమని అనడానికి నాకు నోరు రాలేదు. ఆ ఆదివారం ప్రార్థనలో నలుగురి మధ్య ఇరుక్కుని నోటితో అన్న మాటను మనసారా అనగలిగే మనిషి కావడానికి మా బావకు ఇన్నేళ్ళు పట్టింది, అంతే.