ఏరు వినబడే పుట

ముందే ఒప్పుకుంటున్నాను: నేను చెప్పే కొలతలన్నీ సగానికి కోసుకుని చదవాలి. జానెడు పాము నా నోట్లో పడితే బారెడై బయటికి వస్తుంది. నలభై అయిదేళ్ళు దాటినా ఈ జబ్బు కుదరలేదు. అయితే ఈసారి రాస్తున్నది మిమ్మల్ని నవ్వించడానికి కాదు. సిగ్గుపడి రాస్తున్నాను.

అప్పుడు నేను కోడుమూరు దగ్గర ఒక పల్లెలో బడి పంతులుని. ఆ ఏడు వాన చినుకు లేదు. ఎండకు తాళలేక బల్లులు గోడ దిగి నా గొడుగు నీడలో నడిచేవి. కోడుమూరులో బట్టల అంగడి షావుకారు మద్రాసు నుంచి సరుకుతోపాటు అద్భుత కథల పుస్తకాలు తెప్పించి, తాను చదివాక, తిరిగి ఇచ్చే మాట మీద నాకు ఇచ్చేవాడు. ఆ ఒక్క ఏడులో మూడు వందలు చదివాను. సరే, పదకొండు అనుకోండి.

వాటిలో నాకు ప్రాణమైనవి మూడు. ఒకదానిలో ఒక వైద్యుడు పాదరసం కాచి, ఆ ఆవిరితో ఇత్తడి గంగాళాన్ని పైకి లేపి, అందులో కూర్చుని చంద్రుడి మీదికి పోతాడు. అక్కడివాళ్ళు వెన్నెలను అప్పడాల్లా ఒత్తి దాచుకుంటారు. ఇంకోదానిలో ఒక రాజకుమార్తె స్నానానికి పోయి తన నీడను గట్టు మీద మరచి, దానికోసం ఏడు లోకాలు తిరుగుతుంది. మూడోది భూమి అడుగున ఉన్న పట్నం కథ. అక్కడ సూర్యుడు లేడు, మణుల వెలుగే. పట్నం నడుమ నిండుగా పారే ఏరు. ఆ కరువులో ఆ పుట చదువుతుంటే నాకే గుటక పడేది.

సాయంత్రాలు బడి అరుగు మీద కూర్చుని వీటిని పైకి చదివేవాణ్ణి. అందరికంటే ముందు వచ్చేవాడు మూడెకరాల మెట్టచేను ఉన్న ఒక క్రైస్తవ రైతు. ఆయనకు చదువు రాదు. పుట్టినప్పటి నుంచి ఆయన విన్న పుస్తకం ఒక్కటే, ఆదివారం చర్చిలో పాస్టరుగారు చదివేది. అందుకని నేను ఏ పుస్తకం విప్పినా తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకునేవాడు. ఇత్తడి గంగాళం చంద్రుడి మీద దిగగానే "ఆమెన్" అన్నాడు. నేను కడుపు పట్టుకుని నవ్వాను. నాకు బుద్ధి రావలసింది అక్కడే.

భూమి అడుగు పట్నం చదివిన రోజు ఆయన మొహం చూశాక నా నాలుక ఊరుకోలేదు. కళ్ళు పుస్తకం మీదే ఉంచి, అందులో లేని మాట చదివాను: "తంగేడు పొదకు పడమరగా మూడు బారల దూరంలో, మిట్టమధ్యాహ్నం నేలకు చెవి ఆనించిన ఆ ఏరు వినబడును."

మరునాడు మధ్యాహ్నం ఆయన తన చేలోని తంగేడు పొదకు పడమరగా బోర్లా పడుకుని ఉన్నాడు. భార్య పక్కన నిలబడి ఉంది.

"ఏమప్పా, ఏం చేస్తాండావు?" అన్నాను.

"ఇనబడతాండాది అయివారూ! ఏరు!"

"ఏరు గాదు, పొద్దున తాగిన గంజి," అంది ఆమె. "నేలకు ఆనించింది చెవినో కడుపునో చూసుకో."

"నీకేం తెలుసు? బుక్కులో అచ్చు పడిండాది. అచ్చులో అబద్ధం ఎట్ల పడతాది?"

ఆమె నావైపు చూసింది. నేను గొడుగు సర్దుకున్నాను.

ఏటా వేసవిలో ఆ ఇద్దరూ బేతంచెర్ల నాపరాళ్ళ గనుల్లో కూలికి పోయేవాళ్ళు. మళ్ళీ వానలు పడేదాకా వాళ్ళ పొయ్యి వెలిగేది ఆ కూలితోనే. ఆ వేసవి పోలేదు, బావి తవ్వారు. రెండు నిలువుల లోతున రాయి తగిలింది. ఆయన మట్టి చేతులతోనే బడికి వచ్చాడు.

"ఆ పుట ఇంకోసారి సదవండి అయివారూ."

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. కానీ నన్ను చూసి పల్లె లేచి నిలబడే ముచ్చట ఏమైపోతుంది? పుస్తకం విప్పి, "నాలుగు బారల దూరంలో" అని చదివాను.

"మొన్న మూడంటిరే?"

"మొన్న కళ్ళజోడు పెట్టుకోలేదప్పా."

నాకు కళ్ళజోడే లేదు. ఆయన తల ఊపి పోయి, ఒక బార అవతల కొత్త గుంత మొదలుపెట్టాడు.

చివరికి ఉండబట్టలేక ఒకరోజు గుంత దగ్గరికి పోయి, ఆ మాట నేను కల్పించిందని చెప్పేశాను. ఆయన పార మీద గడ్డం ఆనించి పెద్దగా నవ్వాడు. "శానా బాగా అల్లినారు అయివారూ! పోనీలెండి, రేపే బేతంచెర్లకు పోతాము," అన్నాడు. ఆమె నాకు చెంబుతో మజ్జిగ ఇచ్చింది.

ఇందులో నేను కల్పించింది ఏదో ఇప్పుడు చెప్పాలి. బల్లులను మీరు ఎప్పుడో కోసేసి ఉంటారు, అవి కాదు. ఇప్పుడు చెప్పానే, ఆ నవ్వు, ఆ మజ్జిగ, అవి కల్పించాను. ఆ కరువులో వాళ్ళింట్లో మజ్జిగ ఎక్కడిది? నేను వాళ్ళకు ఏమీ చెప్పలేదు.

వేసవి చివర నాకు కడపలో వేరే ఉద్యోగం దొరికింది. సామాను బండిలో వేసుకుని పోతూ ఆ చేను పక్కన ఆగాను. రెండో గుంతలోనూ రాయే. ఇద్దరూ సమ్మెటలతో కొడుతున్నారు. ఆయన కింది నుంచి తల ఎత్తి, "ఆ బుక్కు ఈడ పెట్టి పోండి అయివారూ. పాస్టరు చేత ఆ పుట సదివిచ్చుకుంటా," అన్నాడు.

"అది షావుకారుది గదప్పా. ఆయనకు ఇచ్చేసినా," అన్నాను.

పుస్తకం బండిలోనే, నా పెట్టెలో పంచెల కింద ఉంది. షావుకారుకు ఇంతవరకూ ఇవ్వలేదు.