పంటు మీద గడ్డిబండి

దగ్గరగా జరిగి కూర్చోండమ్మా, మన ఈడు వాళ్లం చెప్పుకోవాల్సిన మాటొకటుంది. నిన్న అమలాపురంలో డాక్టరుగారు నాకు కొలెస్ట్రాల్ మాత్ర రాయబోతూ, ఇప్పటికే వేసుకుంటున్నవన్నీ చూపించమంటే మందుల సంచీ బల్ల మీద బోర్లించాను. ఆయన అందులోంచి ఒక మాత్రల అట్ట తీసి, కొత్త మాత్రతో ఇది కలిపి వేసుకోకూడదని పక్కన పెట్టేశారు. దాంతో మా ఆడపడుచు కూతురు గుర్తుకొచ్చింది.

మా ఆయన మస్కట్‌లో ఉన్న రోజుల్లో నేను ముక్తేశ్వరం వదిలి, హైదరాబాదులో ఆ పిల్లకి తోడుగా ఉంటూ, తను పనిచేసే మందుల ల్యాబులోనే గాజుసామాను కడిగేదాన్ని. అప్పుడు కొవ్వు తగ్గించే కొత్త మందొకటి పరీక్షలో ఉండేది. కొవ్వుండేది రక్తంలో కదా, వీళ్లు మందుని తీసుకెళ్లి లివరు రసంలో కలుపుతారేమిటో నాకు బోధపడేది కాదు. మనం మింగిన మందుల్ని అరగదీసి బయటికి పంపే ఎంజైములు లివరులో ఉంటాయని, ఈ కొత్తది వాటికి అడ్డుపడుతుందేమో చూస్తున్నామని ఆ పిల్ల చెప్పేది, నేను అయోమయంగా తలూపేదాన్ని.

ఆ మందు మీద దానికి ప్రాణం. వాళ్ల నాన్న, అంటే మా అన్నయ్యగారు, గుండెజబ్బు మనిషి. బజారులో దొరికే కొవ్వు మాత్రలు వేసుకుంటే ఒళ్లునొప్పులతో మంచం దిగలేకపోయేవారు. ఫోను చేసినప్పుడల్లా, అమ్మాయి మందు ఎప్పుడొస్తుందమ్మా అని నన్నే అడిగేవారు.

ఒక మధ్యాహ్నం అది కుళాయి దగ్గరికొచ్చి నిలబడింది. మందు కొవ్వుని చక్కగా తగ్గిస్తోందట, కానీ వద్దని తనే రాసిచ్చి వచ్చిందట. పనిచేసే మందుని పారేయడమేమిటే అని నేను గింజుకుంటుంటే మెల్లగా చెప్పింది.

"మన రేవులో గోదావరి దాటించే పంటు మీదికి గడ్డిబండి ఎక్కేసిందనుకో అత్తా, మిగతా జనం ఒడ్డునే పోగుపడిపోతారు కదా. ఇదీ అంతే, లివరులో ఆ ఎంజైముల్ని ఈ మందే ఆక్రమించేస్తుంది. నాన్న వేసుకునే గుండె మాత్రకి దారుండదు, ఒంట్లోనే పేరుకుపోయి విషమవుతుంది."

అన్నయ్యగారికి ఆ సంగతి మేమిద్దరమూ చెప్పలేదు. పోయేదాకా ఆయన అడుగుతూనే ఉన్నారు, వస్తుందండీ అని నేను అంటూనే ఉన్నాను.

మన చిన్నప్పుడు ఊరంతటికీ ఒకే ఎర్రమందు సీసా, ఇప్పుడు మనిషికో సంచీ. ఆ పిల్ల వద్దన్న మందు ఏ కొట్లోనూ దొరకదు. దొరకనందుకు ఏడవాలో, మొక్కుకోవాలో నాకిప్పటికీ తేలలేదు. మీ ఇంట గాదెలు బరువెక్కాలి, ఉయ్యాలలు బరువెక్కాలి, మందుల సంచీ మాత్రం ఎప్పుడూ తేలిగ్గానే ఉండాలి తల్లీ.