మబ్బులో పెట్టిన నడుములు

ముందే చెప్తున్నా, ఇది చదివాక మీ టైలర్ మీద మీకు నమ్మకం పోతే నా పూచీ లేదు. బోధన్‌లో ఒక చిన్న దుకాణం, ఎనిమిది జాకెట్లు, ఒక సెల్‌ఫోను. ఈ మూడింటితో మనిషి ఎంత ఆగం చేయగలదో నేను చేసి చూపించాను.

రాయడం నాకు కొత్త. ఐదో తరగతితో బడి ఆపేశాను. ఇన్నేళ్లూ నేను రాసిందల్లా భుజం పద్నాలుగు, చెయ్యి పది, మెడ ఏడు. అందుకని వాక్యం ఎక్కడైనా వదులైతే మీరే ఒక కుట్టు వేసుకోండి. బిగుతైతే విప్పుకోండి.

మా ఆడపడుచు సుజాత నిజామాబాద్‌లో ఉంటుంది. కత్తెర పట్టిందంటే దానికి తిరుగులేదు. నాకేమో టేపు, మాటలు బాగా వచ్చు. అందుకే పని పంచుకున్నాం. నేను ఇక్కడ కొలిచి బట్టలు బస్సులో పంపిస్తాను, అది అక్కడ కోసి కుట్టి బస్సులోనే తిప్పి పంపిస్తుంది. కొలతలు మాత్రం ఫోన్లో చెప్పేదాన్ని. ఒకసారి నేను "మెడ ఏడు" అంటే, బస్టాండు మోతలో దానికి "మెడ మూడు" అని వినబడింది. ఆ జాకెట్ వేసుకున్న టీచరమ్మ పెళ్లిలో ఎవరు పిలిచినా మెడ తిప్పలేదు. మొత్తం మనిషే తిరిగింది.

అప్పుడు సుజాత ఫోన్లోనే అంది, "వదినె, గీ ఫోన్ల లొల్లి వద్దు. కొలతలన్నీ క్లౌడ్ల పెడ్దాం."

"క్లౌడ్ అంటే?"

"మబ్బు."

"మబ్బుల పెడితే వానకు తడవయా?"

"తడవయి గని, నువ్వు బోధన్ల రాస్తే గదే నిమిషంల నాకు ఈడ కనబడ్తది. ఫోన్ పోయినా కొలతలు పోవు."

మూలకు కూర్చుని బియ్యం ఏరుతున్న అత్తమ్మ తలెత్తింది. "మబ్బుల నీళ్లు సూసి ముంతల నీళ్లు పారవోసుకునేరు బిడ్డా, పైలం."

నేను వింటానా? ముంతలో నీళ్లు పారబోయడం కాదు, ముంతనే ఇచ్చేశాను. పదేళ్ల కొలతల పుస్తకాలు ఎదురుగా ఉన్న మిర్చీ బండికి పొట్లాలకు పనికొస్తాయని ఇచ్చాను. కొన్నాళ్లు మా వీధిలో బజ్జీలు తిన్న ప్రతి ఒక్కరి చేతిలో ఎవరో ఒకరి భుజమో, చంకో ఉండేది.

మబ్బు మొదట్లో బాగానే పనిచేసింది. ఫోన్లోని షీటులో నేను కొలత రాయడం, అది చూసి కోయడం, పని ఎందాకా వచ్చిందో అందులోనే రాయడం. నాకు పేర్లు గుర్తుండవు, ఒక్క లక్ష్ములే నలుగురు, కాబట్టి పేరు పక్కన గుర్తు కూడా రాసుకునేదాన్ని. "లక్ష్మి, బస్టాండ్ ఎనుక." "లక్ష్మి, మాట పడది." అలాంటివి.

అప్పుడొచ్చారు మంగతాయారు గారు. ఎడపల్లి దగ్గర క్యాంపు వాళ్లు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొని స్థిరపడ్డ కుటుంబం. కొత్తింటి గృహప్రవేశానికి ఆమె, ఇద్దరు కోడళ్లు, అక్కచెల్లెళ్లు, మేనకోడళ్లు, అంతా కలిసి ఎనిమిది మంది, ఎనిమిది పట్టు జాకెట్లు.

"చూడమ్మా లలితా, ఇవి కుదిరాయంటే మా క్యాంపు క్యాంపంతా నీ దగ్గరికే వస్తుంది. కుదరలేదనుకో..." అని అక్కడ ఆపేశారు. మిగతాది నాకు తెలుసు. ఆ ఏడాది మా వీధిలో రెండు అద్దాల బొటిక్‌లు వెలిశాయి. నా దగ్గరికి వచ్చే వాళ్లు సగమయ్యారు. ఈ క్యాంపు కూడా చేజారితే షట్టర్ దించి అత్తమ్మ పక్కన కూర్చుని బియ్యం ఏరుకోవడమే.

కొలత మొదలుపెట్టాను. టేపు తగిలిందో లేదో మంగతాయారు గారు ఊపిరి బిగపట్టారు. పొట్ట వెళ్లి వెన్నుకు అతుక్కుంది. టేపు ముప్పై ఆరు అంది. నేను మనసులో నవ్వుకుని, రెండు కలిపి ముప్పై ఎనిమిది రాశాను. పక్కన గుర్తు కూడా: "క్యాంపు అమ్మ. ఊపిరి బిగపడ్తది. రెండు కలిపిన."

మర్నాటి నుంచి ఫోన్లు. "ఏమ్మా, కోశారా?" "ఏమ్మా, చేతులు అతికించారా?" "ఏమ్మా, హుక్కులు కుట్టారా?" చెవి నుంచి ఫోను దించితే ఒట్టు.

"గా షీటే వాళ్లకు పంపు వదినె," అంది సుజాత. "పని ఏడిదాక వచ్చిందో వాళ్లే సూసుకుంటరు."

పంపబోతే ఫోను నన్నే ఒక ప్రశ్న అడిగింది. వీళ్లు వీక్షకులా, ఎడిటర్లా?

మీరే చెప్పండి, మీరైతే ఏం చేసేవాళ్లు? వీక్షకులంటే సినిమా హాల్లో నేల టికెట్ వాళ్లు. ఎడిటర్ అంటే పేపర్ ఆఫీసులో పెద్ద సారు. గృహప్రవేశం చేసుకుంటున్న ఇంటి ఆడవాళ్లను నేల మీద కూర్చోబెడతానా? ఎనిమిది మందినీ ఎడిటర్లను చేశాను.

ఎడిటర్ అంటే దిద్దేవాళ్లని నాకు తెలియదు. వాళ్లకు తెలుసు.

గృహప్రవేశానికి ఇంకా రెండు రోజులుందనగా జాకెట్లు వచ్చాయి. ఎనిమిది మందీ రెండు ఆటోల్లో దిగారు. ముందుగా మంగతాయారు గారు పరదా వెనక్కి వెళ్లారు. తర్వాత "టప్". ఇంకోసారి "టప్". ఒక హుక్కు ఎగిరొచ్చి నా టీ గ్లాసులో పడింది.

"ఏమ్మా లలితా, ఇది నాకు కుట్టావా, మా పూజ గదిలో అమ్మవారికి కుట్టావా?"

భుజాల చుట్టూ కొంగు కప్పుకుని బయటకు వచ్చారు. నిండుగా చెరకు ఎక్కించిన ట్రాలీకి తాడు చాలనట్టుంది లోపల పరిస్థితి. పెద్ద కోడలికి చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. చిన్న కోడలు రెండు చేతులూ దూర్చి, "అత్తయ్యా, నేనిందులోంచి బయటకు రాలేను," అని పరదా లోపల్నుంచి ఏడుపు.

సుజాతకు ఫోన్ కలిపాను. ఆ తొందరలో వేలు తగిలి స్పీకర్ ఆన్ అయింది.

"ఏం గోసినవే సుజాతా! క్యాంపు అమ్మ నడుము ఎంత వెట్టినవ్?"

"షీట్ల ఎంతుంటే గంతే వెట్టిన. ముప్పై నాలుగు."

"నేను రాసింది ముప్పై ఎనిమిది గదనే!"

"ముప్పై నాలుగే ఉన్నది వదినె. పెద్ద కోడలు ముప్పై మూడు. చిన్న కోడలు ముప్పై. నేను గూడ పరేశాన్ అయిన, గా క్యాంపుల ఏం తింటరో అడుగాలె అనుకున్న."

మంగతాయారు గారు మా సీలింగ్ ఫ్యాన్‌ను చాలా శ్రద్ధగా చూస్తున్నారు. అప్పుడు వెలిగింది నాకు. నిజామాబాద్ యార్డులో పసుపు వేలం చూశారా? అక్కడ పాట పైకి పోతుంది. నా షీటులో వారం రోజులుగా పాట కిందికి పోయింది. అత్త ముప్పై నాలుగు అంటే కోడలు ముప్పై మూడు, ఆమెను చూసి ఇంకో కోడలు ముప్పై; చేతుల కొలతలదీ అదే దారి.

సుజాత ఊరుకోలేదు. "నువ్వు రంది వెట్టుకోకు వదినె. క్లౌడ్ల పాత అంకెలు గూడ ఉంటయి. ఎవ్వలు మార్చిండ్రో, ఏ దినం మార్చిండ్రో, ఎన్నిసార్లు మార్చిండ్రో పేర్లతోని ఉంటది. సదువాల్నా?"

ఎనిమిది మొహాల్లో ఒకేసారి కరెంటు పోయింది. మంగతాయారు గారు నా వైపు చూశారు. పెద్దరికం ఏమీ లేదు ఆ చూపులో. బెల్లం డబ్బాలో చెయ్యి పెట్టి దొరికిపోయిన చిన్నపిల్ల చూపు. నిజం చెప్పొద్దూ, నా నడుము ఎవరైనా అడిగితే నేనూ రెండించులు తగ్గించే చెప్తాను.

"వద్దు సుజాతా, సదువకు," అన్నాను. "నేనే తప్పు రాసిన. ఎనిమిదికి ఎనిమిది నేనే తప్పు రాసిన."

మంగతాయారు గారు హమ్మయ్య అని గట్టిగా ఊపిరి వదిలారు. కొంగు కింద మిగిలిన ఒక్క హుక్కు కూడా అప్పుడే ఊడింది.

"పోనీలేమ్మా," అన్నారు ఎంతో పెద్ద మనసుతో. "మనిషన్నాక పొరపాట్లు జరుగుతాయి. విప్పు కుట్లు."

సుజాత చల్లగుండాలి, పక్క కుట్ల లోపల బట్ట బాగా వదులుతుంది. అదీ తర్వాతి బస్సెక్కి వచ్చేసింది. అందరం చుట్టూ కూర్చుని కుట్లు విప్పాం, మళ్లీ కొలిచాం, మళ్లీ వేశాం. ఈసారి టేపు తగిలినప్పుడు ఎవరూ ఊపిరి బిగపట్టలేదు. గృహప్రవేశం రోజు ఎనిమిది జాకెట్లూ నిమ్మళంగా భోజనం చేశాయి. తర్వాతి వారం నుంచి క్యాంపు ఆటోలు మా దుకాణం ముందే ఆగడం మొదలుపెట్టాయి.

అంతా సర్దుకున్నాక ఎడిటర్లందరినీ వీక్షకులుగా దించేద్దామని షీటు తెరిచాను. "ఊపిరి బిగపడ్తది" అన్న నా రాతను ఎవరో దిద్దారు: "బిగపడతారు. పెద్దవాళ్లను గౌరవంగా రాయాలి." నేను మా ఊరి మాటే రాశాను గానీ, ఎడిటర్ ఒప్పుకోలేదు. అట్టడుగున ఇంకో కొత్త పేరు, దాని పక్కన కొలతలు:

"టైలర్ లలిత. నోరు: నలభై నాలుగు. తెలివి: బట్ట చాలలేదు. ఎప్పుడిస్తుంది: ఎప్పుడడిగినా రేపే."

ఎవరు రాశారో పాతవి తిరగేస్తే తెలుస్తుంది. నేను తిరగేయలేదు.

కాబట్టి నా మెడలోని టేపు సాక్షిగా, కత్తెర సాక్షిగా, మిర్చీ బండి మూకుడు సాక్షిగా ఇదే నా ప్రమాణం. బొందిలో ప్రాణం ఉండగా ఇంకెవరినీ ఎడిటర్‌ను చేయను. ఎంతటి వాళ్లయినా నా షీటులో నేల టికెట్టే. ఊపిరి బిగపట్టిన వాళ్లకు మాత్రం రెండించులు కలుపుతూనే ఉంటాను. కాకపోతే ఆ సంగతి ఏ మబ్బులోనూ రాయను, నా నోట్లోనే దాచుకుంటాను. నలభై నాలుగు కదా, చోటుకేం తక్కువ లేదు.