లాబ్రడార్ తెచ్చిన కొబ్బరికాయలు

మొన్న పలాసలో ఆటో కోసం నిలబడితే, ఆగి ఉన్న కారు కిటికీలోంచి గోధుమరంగు లాబ్రడార్ ఒకటి తల బయటపెట్టి నన్నే చూసింది. ఆ చూపుకి నాకేమయిందో గాని, వచ్చిన ఆటోని వదిలేసి అక్కడే ఉండిపోయాను. ఇప్పుడంటే సోంపేటలో కూడా వీధికొకటి కనబడుతోంది గాని, మేం ఉద్యోగాల్లో చేరిన కొత్తలో మా ఉద్దానం కొబ్బరితోటల వైపు అలాంటి కుక్కని చూసినవాళ్లెవరు చెప్పండి!

అప్పుడు సోంపేట దగ్గర ఒక పల్లెలో పోస్టాఫీసు చూసేవాణ్ణి. పెళ్లయిన రెండో ఏడే మా ఆవిడ జ్వరంతో పోయింది. సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీస్తే, పొద్దున కాఫీ తాగి పెట్టిన గ్లాసు పెట్టినచోటే ఉండేది. నా అవస్థ చూడలేక టెక్కలిలో ఉండే మా బావ, తను కారు నడిపే ఆఫీసరు బదిలీ మీద వెళ్తూ వదిలేసిన ఇలాంటి లాబ్రడార్‌నే తెచ్చి నా గుమ్మంలో కట్టాడు. వేటకుక్క అన్నాడు. వేటకుక్కంటే దొంగల పీక పట్టుకుంటుందనుకున్నాను, అదేమో పాలవాణ్ణీ, దారినపోయేవాణ్ణీ ఒక్కలాగే తోకాడిస్తూ లోపలికి తీసుకొచ్చేది. నెల తిరిగేసరికి ఆ ఇంట్లో నేను మళ్లీ పైకి మాట్లాడటం మొదలుపెట్టాను, అంత తోడయింది నాకు.

మా వైపు చెట్టు నుంచి రాలిన కాయ తోటగలవాళ్లదే. పరాయివాడు దాన్ని కాలితో పక్కకి జరపడానికి కూడా జంకుతాడు. అలాంటిది ఈ కుక్క, పక్క తోట పిన్ని చెట్ల కింద రాలిన కాయల్ని ముచ్చిక దగ్గర కరచుకుని ఒక్కొక్కటే తెచ్చి నా కాళ్ల ముందు పెట్టడం మొదలుపెట్టింది. పిన్ని వరసకి పిన్నే గాని నోరు పెద్దది. కుక్కకి దొంగతనం నేర్పి పంపిస్తున్నానని పదిమందిలో అనేసింది. తల కొట్టేసినట్టయింది నాకు. ఆ ఉక్రోషమంతా దాని మీదే చూపించి, కొబ్బరిమట్ట తీసుకుని చావబాదాను. మర్నాడు మళ్లీ తెచ్చింది, మళ్లీ కొట్టాను. అలా నాలుగు రోజులు. అయిదోనాడు గొలుసు వేసి కట్టేస్తే అది అన్నం ముట్టడం మానేసింది. అదీ పోతే నా గతేమిటని భయమేసి పలాస పశువుల డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లాను.

ఆయన అంతా విని, వేటగాడు కొట్టిన బాతు నీళ్లలో పడితే ఈది వెళ్లి, పన్ను దిగకుండా తెచ్చి యజమాని చేతికివ్వడమే ఈ జాతి పని అన్నాడు. అది దొంగతనం కాదట, ప్రేమట. తెచ్చినదాన్ని మనం చేత్తో అందుకుంటే చాలట, అదే దానికి కూలి.

ఇంటికొచ్చి గొలుసు విప్పేసి, నేనే ఒక కాయ దూరంగా విసిరాను. కుక్క కదల్లేదు. సంగతి తెలిసి పిన్ని కూడా నొచ్చుకుని, తన తోటలో కాయ తెచ్చి స్వయంగా దాని ముందు పెట్టింది. అది కాయని వాసన చూసి, నా ముఖంలోకి చూసి, తల దించేసుకుంది. అలవాటు మరిచిపోయినట్టుందని నేనేదో సర్దిచెప్పబోయాను.

“మర్సిపోనేదు నాయినా,” అంది పిన్ని. “నువ్వేటంతావోనని సూత్తంది.”

ఆ రాత్రి అన్నమైతే ముట్టింది, ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికింది. నాతోపాటే తిరిగింది, నా కాళ్ల దగ్గరే పడుకుంది. పక్క తోటలో కాయ రాలిన చప్పుడైతే మాత్రం చెవులు నిక్కబొడుచుకుని లేవబోయి, నావైపు చూసి మళ్లీ పడుకునేది. నాలుగు రోజుల్లో నేను చెడగొట్టింది తొమ్మిదేళ్లలో బాగుచేసుకోలేకపోయాను.

పిన్నీ పోయింది, ఆ తోటా చేతులు మారింది. ఇప్పుడు ఎవరికేది కావాలన్నా ఫోనులో తెప్పించుకుంటున్నారు, ఒకరింటికొకరు ఏదో ఒకటి పట్టుకెళ్లే రోజులు కావివి. నా గుమ్మానికైతే ఏదీ పట్టుకుని వచ్చేవాళ్లే లేరు. ఒకవేళ వస్తే మాత్రం, అది ఎవరిదని అడగను.